కీమేన్‌గారి అబద్ధం

ఆదరణ కూడిక కార్డు స్కూలుకి వచ్చింది. మనిషి పోయాక ఇంటివాళ్లని ఓదార్చడానికి క్రైస్తవులు పెట్టుకునే ప్రార్థన అది. కార్డు మీద ఆయన ఫోటో ఉంది. ఎవరిదో కోటు తొడిగారు, జుట్టు తడిపి దువ్వారు, ఆయనేమో తిన్నగా నా కళ్లలోకి చూస్తున్నారు. ఎవరబ్బా ఈ పెద్దమనిషి అనుకున్నాను. నేనెరిగిన ఆరేళ్లలో ఆయన తలెత్తి చూడటం తక్కువ. ఆయన చూపెప్పుడూ తన పాదాలకి నాలుగడుగుల ముందు, నేల మీద ఉండేది.

కార్డు మీద పేరు కూడా ఉంది. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లని నేను చూడలేదు కాబట్టి ఇక్కడ రాయను. భార్యతో సహా ఊరంతా కీమేన్‌గారనే అనేది. రైలుపట్టా వెంట రోజూ నడుస్తూ, వదులైన బిగింపుల్ని సుత్తితో కొట్టి బిగిస్తూ, పట్టా ఎక్కడైనా చిట్లిందేమో కనిపెట్టడం కీమేన్ పని. సర్వీసంతా ఆయన నడిచింది ఆ ఆరేడు కిలోమీటర్లే. రిటైరయ్యాక మనిషన్నవాడు హాయిగా కూర్చుంటాడు కదా. ఈయన పట్టా దిగి చేలల్లోకి నడవడం మొదలుపెట్టారు.

ఏలూరు నుంచి గూడెం వెళ్లే దారిలో ప్యాసింజర్ తప్ప ఏదీ ఆగని స్టేషన్లు కొన్ని ఉన్నాయి. మాది వాటిలో ఒకటి. ఆ పేరూ రాయను. రాస్తే రేపు పొద్దున్నే గుప్తనిధుల పిచ్చివాళ్లు గునపాలు పట్టుకుని దిగుతారు. నేను గూడెం నుంచి రోజూ ఆ బండెక్కి వచ్చి అక్కడి హైస్కూల్లో సోషల్ చెబుతాను.

ఆయన పరిచయమైన రోజు నాకు ఒళ్లు మండిన రోజు. సాయంత్రం బండి లేటు. ప్లాట్‌ఫాం మీద బెంచీకి అతుక్కుపోయి పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఒక పిల్ల ‘వేంగి నగరము చాలా దూరమున కలదు’ అని రాసింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఎందుకు కొట్టేశానంటే చెప్పలేను, వేంగి ఎంత దూరమో నాకు మాత్రం ఏం తెలుసు? అప్పటికి పదకొండేళ్లుగా శాలంకాయనులు, చాళుక్యులు అని గొంతు చించుకుంటున్నాను గానీ ఒక్కనాడూ ఆ ఆలోచనే రాలేదు.

వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అన్నారు. “దూరమేం కాదండి మేడంగారు. మన స్టేషన్లో దిగి నడిచెళ్లి, చూసుకుని, సాయంత్రం బండికి వచ్చేయొచ్చండి.”

నా పేపర్లలోకి మీరెందుకు తొంగి చూస్తున్నారని గదమాయించాను. ఆయన వెంటనే “తప్పేనండి” అని పక్కకి తప్పుకున్నారు. ఆ మర్యాదకే నాకు సిగ్గేసింది. బండి వచ్చేలోపు నేనే లేచి వెళ్లి, అయితే ఎప్పుడు చూపిస్తారండీ బాబాయిగారూ అని అడిగాను.

అలా మొదలైంది. రెండో శనివారం, స్కూలు సెలవు. పొద్దున ప్యాసింజర్‌కి దిగేసరికి ఆయన ప్లాట్‌ఫాం చివర, వాలు దగ్గర నిలబడి ఉండేవారు. రేకుల నీడ కింద ఎప్పుడూ నిలబడలేదు. చేతిలో గుడ్డసంచి. అందులో నీళ్ల సీసా, పెరుగన్నం, ఒక సుత్తి, మూత బిగించిన చిన్న డబ్బాలో తెల్లరంగు, సగం అరిగిన కుంచె. రైల్వే సుత్తే పట్టుకొచ్చేశారా అని వేళాకోళం చేస్తే నొచ్చుకున్నారు. రైల్వేది రైల్వేకి అప్పజెప్పి సంతకం పెట్టారట, ఇది గూడెం బజార్లో కొన్నదట. ఆ మాట చెప్పి, నేను నమ్మానో లేదో అని ఒకసారి నా ముఖం చూశారు.

ఆయన పెట్టిన నియమం ఒకటే. రెండు బళ్ల మధ్య నడిచి చూసి రాగలిగిందే చూడాలి. ఆటో ఎక్కకూడదు. ఆటో ఎక్కితే రాయి కనబడదంటారు. మొదటి రోజు నా కాళ్లు బొబ్బలెక్కి, ఈ ముసలాయన వెంట పడ్డ నాకు బుద్ధి లేదనుకుంటూ బండెక్కాను. మళ్లీ నెల తిరిగేసరికి ఆ వాలు దగ్గర నిలబడ్డాను.

ఆయన నడక పట్టాల కింది స్లీపర్ల మీద నేర్చిన నడక. పొలంగట్టు మీదైనా, పామాయిల్ తోటలో ఎండుమట్టల మధ్యైనా అడుగుకీ అడుగుకీ ఎడం మారేది కాదు. కాస్త దూరం పోయి ఆగి, వెనక్కి తిరిగి చూసేవారు. నా కోసం ఆగుతున్నారు కాబోలని కొన్నాళ్లు మురిసిపోయాను. కాదు, వెనక నుంచి బండి వస్తోందేమోనని. వరిచేలో బండేమిటి బాబాయిగారూ అంటే, “అలవాటండి” అని నవ్వేవారు.

స్టేషన్‌కి ఉత్తరంగా నడిస్తే ఏమేం ఉన్నాయనుకున్నారు! చేలో నడుములోతు దిగబడిపోయిన, తలలేని రాతి మనిషి. తోట మధ్యలో ఎత్తుగా లేచిన మట్టిదిబ్బ, దాని పక్కన వాన కోసిన చోట ముంజేతి పొడవు ఇటుకలు. ఒకరింటి పెరట్లో తామరపువ్వు చెక్కిన పలక మీద ఆవిడ దుప్పట్లు ఉతుకుతోంది. నేను బోర్డు మీద రాజధాని అని రాసి కింద రెండు గీతలు గీసే ఊరు, అక్కడ చాకిరేవు బండ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రాయి కనబడితే ఆయన ముందు పక్కన చతికిలబడేవారు. అరచేత్తో దుమ్ము తుడిచేవారు. తర్వాత సుత్తితో చిన్నగా, తలుపు తట్టినట్టు తట్టి, తల ఓరగా వంచి వినేవారు. నిండుగా పలికితే రాయి గట్టిదట, బొంగురుగా వస్తే లోపల చీలిక ఉందట. ఇది ఎప్పటిదండీ అని నేను అడిగితే మాత్రం “తెలీదండి”. ఏ రాజు కట్టించాడండీ అంటే “తెలీదండి”. ఒకసారి ఏలూరు నుంచి పేపరు కుర్రాడొకడు మోటార్ సైకిల్ మీద వచ్చి, రెండు వేల ఏళ్ల నాటిదని ఒక్క మాట అనండి బాబాయ్, ఫోటో వేస్తానని బతిమాలాడు. ఐదుసార్లు అడిగాడు, ఐదుసార్లూ తెలీదండి అన్నారు. కుర్రాడు విసుక్కుని వెళ్లిపోయాడు. నేనూ విసుక్కున్నాను. పేపర్లో పడితే మంచిదే కదా, అంటే ఏంపోయిందంట?

అప్పుడు చెప్పారు ఆ సంగతి. సర్వీసులో ఒకరోజు పట్టా మీద చిట్లు కనబడి ఎర్రజెండా పట్టుకుని ఎక్స్‌ప్రెస్‌ని ఆపేశారట. దిగి చూస్తే అది చిట్లు కాదు, నూనె జారిన చార. పట్టా మీద గేదె ఉంది కాబట్టి ఆపానని రాసెయ్, ఎవరూ అడగరని ఇన్‌స్పెక్టరే మంచి మాటగా చెప్పాడట. ఈయన ‘చార చూసి చిట్లు అనుకున్నాను’ అని రాసి పనిష్మెంటు తెచ్చుకున్నారు. “అబద్ధం నోట్లో ఉంటే నాకు అన్నం సయించదండి” అన్నారు, మాగాయ ముక్క చీకుతూ.

చూసిన ప్రతి రాయికీ ఒక మూలన తెల్లరంగుతో గీత గీసి, పక్కన అంకె వేసేవారు. పట్టాలో లోపం కనబడితే అలా గుర్తు పెట్టడం ఆ ఉద్యోగంలో రివాజు, వెనక వచ్చే మరమ్మతు గ్యాంగు వెతుక్కోనక్కర లేకుండా. పాతరాళ్ల మీద రంగు పూయకూడదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు తెలియదు, తెలిసినా ఆయన చెయ్యి పట్టుకోగలనా? ఇక్కడ మీ వెనక ఏ గ్యాంగు వస్తుందండీ అని ఎగతాళి మాత్రం చేశాను. ఎవరో ఒకరు రాకపోతారా అన్నారు.

ఆ రంగే మా కొంప ముంచింది.

మూడేళ్ల కిందటి మాట. ఉత్తరం వైపు చూడాల్సినవి అయిపోయాయని మొదటిసారి పట్టా దాటి దక్షిణంగా, కొల్లేటి వైపు నడిచాం. అటంతా చేపల చెరువులు. ఎండాకాలం ముందు కావడంతో ఒక చిన్న చెరువులో చేప పట్టేసి నీళ్లు తోడేశారు. అడుగు బురద ఎండకి నెర్రెలిస్తోంది. నీళ్లు బయటికి పోయే తూముకి ఒక పక్క గోడలాగా నిలువెత్తు రాతిపలక నిలబెట్టారు. మామూలప్పుడు నీళ్లలో ఉంటుంది, ఎవరికీ కనబడదు.

ఆయన పంచె ఎగగట్టి బురదలోకి దిగారు. తట్టారు, విన్నారు. పైన తామరపువ్వు ఉందన్నారు. తర్వాత పాచి తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. వేళ్లతో అడ్డంగా తడిమారు, మళ్లీ తడిమారు. పైకి చూశారు. ఆ ముఖం నేను మరిచిపోలేను, ఆరేళ్లలో ఆయన తలెత్తి నన్ను చూసిన రోజుల్లో అదొకటి.

“అక్షరాలండి మేడంగారు. వరసలు వరసలుగా ఉన్నాయండి.”

మూడేళ్ల నడకలో మాకు ఒక్క అక్షరం కూడా దొరకలేదు మరి. నేను గట్టు మీద ఎగిరి గంతేసినంత పని చేశాను. ఫోన్‌తో ఫోటోలు తీశాను గానీ పాచి వల్ల వాటిలో అక్షరం ఆనలేదు. ఎవరు వింటారన్న ధ్యాస కూడా లేకుండా, దీన్ని గవర్నమెంటువాళ్లకి చూపించాలండీ, రేపే రాస్తానండీ అని పెద్దగొంతుతో అరిచాను. క్లాసులో అరిచి అరిచి పెరిగిన గొంతు నాది. మేతబస్తాల పాకలోంచి కాపలా మనిషి బయటికి వచ్చి చూస్తున్నాడు. ఆయన తన అలవాటు కొద్దీ డబ్బా తీసి, రాయి అంచున తెల్లగీత గీసి అంకె వేశారు. బండి టైమైంది, శనివారం మళ్లీ వస్తామని కాపలా మనిషికి చెప్పి బయల్దేరాం. వచ్చే శనివారం నేను స్కూలుకి సెలవు పెట్టి, పల్చటి కాగితం, బొగ్గు తెచ్చి రుద్దుకుంటే అక్షరాలన్నీ కాగితం మీదకి దిగుతాయని, నీళ్లు పెట్టేలోపు ఆ పని చేసుకోవాలని దారంతా అదే మాట. ఆయన అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మేమిద్దరం మర్చిపోయిందేమిటంటే, అది కొల్లేటి అంచు. ఏ చెరువు సరస్సు హద్దు లోపలిది, ఏది బయటిది అన్నది అక్కడ చావుబతుకుల సంగతి. ఒకప్పుడు హద్దు లోపల చెరువులు ఉండకూడదని గవర్నమెంటు సర్వేవాళ్లు పుస్తకం పట్టుకుని వచ్చి గట్ల మీద గుర్తులు పెట్టి వెళ్లారు. వాళ్ల వెనక మిషన్లు వచ్చి ఆ గట్లనే తెగ్గొట్టాయి. ఆ రోజులు చూసినవాళ్లకి గట్టు దగ్గర తెల్లగీత, అంకె, గవర్నమెంటు అన్న మాట కలిసి వినబడితే నిద్ర పడుతుందా?

శనివారం మేం వెళ్లేసరికి గట్టు మీద పది పన్నెండు మంది ఉన్నారు. మా కోసమే రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంచారు. “రండి మేడంగారు, రండి బాబాయిగారు, ఎండన పడి వచ్చారు, కూర్చోండి” అన్నారు. కూల్‌డ్రింకులు తెచ్చి చేతిలో పెట్టారు. ఒకతను నా ఫోన్ ఒకసారి ఇమ్మని ఎంతో మర్యాదగా అడిగి, రాయి ఫోటోలన్నీ చెరిపేసి, అంతే మర్యాదగా తిరిగి ఇచ్చాడు. ఒక్కరూ గొంతు పెంచలేదు. ఏవండీ అంటే అండీ అన్నారు.  తూము దగ్గర మాత్రం ఒకతను సమ్మెట పట్టుకుని, ఒక కాలు ఆ రాతిపలకకి ఆనించి నిలబడి ఉన్నాడు.

చెరువు నాగమణి అనే ఆవిడది. నలభై ఏళ్లుంటాయి. భర్త మెతక మనిషి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సమ్మెట పట్టుకున్నతను ఆవిడ మరిది. మాట్లాడింది ఆవిడే.

“మాకున్నది ఈ రెండెకరాలేనండి. ఒకసారి గట్టు తెగ్గొడితే మా అత్తగారు అన్నం మానేసి మంచమెక్కి ఇంక లేవలేదండి. మీరు పెద్దవాళ్లు, మిమ్మల్ని మేమేమీ అనం. రాయి మాత్రం ఉంచమండి.”

నేను నోరు తెరిచి చరిత్ర, మన ఊరి గొప్పదనం అంటూ ఏదో మొదలుపెట్టాను. పొలంలో పాతబొమ్మ బయటపడితే ఆ పొలానికి కంచె వేసి ఎవర్నీ రానివ్వరు కదండీ, చెరువులో పడితే ఏం చేస్తారు అని ఆవిడ భర్త చాలా నెమ్మదిగా అడిగాడు.  చేతిలో సీసా పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ తర్వాత అక్కడ నేను మాట్లాడిన మాట ఒక్కటి కూడా లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

మరిది సమ్మెట ఎత్తాడు.

“ఆగండి బాబూ” అన్నారు కీమేన్‌గారు. “అదేంటో నాకు తెలుసండి.”

కుర్చీలోంచి లేచి, చెప్పులు విప్పి, బురదలోకి దిగారు. సంచిలోంచి సుత్తి తీసి రాయిని తట్టారు. గంట మోగినట్టు పలికింది. వినండి అన్నారు. ఇది రైల్వే రాయి అన్నారు. పాత రోజుల్లో కల్వర్టు కింద ఇలాంటివే వేసేవారని, లైను మార్చినప్పుడు తీసి పడేస్తే మీ పెద్దవాళ్లెవరో బండి కట్టి తెచ్చుకుని ఉంటారని, ఇంత గట్టిరాయి ఇంకోటి దొరకదని, దీన్ని పగలగొడితే తూము కూలి గట్టు జారిపోతుందని చెప్పుకుపోయారు. ఆ తెల్లగుర్తు సర్వేది కాదు, రైల్వే సామాను కనబడితే గీత గీయడం తన చేతికి పట్టిన జబ్బు అన్నారు. రాళ్ల గట్టిదనం గురించి చెప్పినంతసేపూ గొంతు బాగానే ఉంది. తర్వాత చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది.

మరి ఆ రాతలేమిటని మరిది అడిగాడు. రాయి కొట్టినవాళ్లు అప్పట్లో అలా గుర్తులు చెక్కేవారని అన్నారు.

“ఒట్టేస్తారా? మీరు చర్చికెళ్లే మనిషి కదా.”

 అవతలి చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ తిరుగుతోంది. ఆయన చెయ్యి రాతి మీద, సరిగ్గా అక్షరాల మీద ఉంది. కూర్చున్న చోటి నుంచి నాకు కనబడుతోంది.

“ప్రభువు తోడండి. అది రైల్వే రాయి” అన్నారు.

నాగమణి ఆయన ముఖం వంకే చూస్తోంది. చాలాసేపు చూసింది. అప్పుడు మరిదితో, దించరా, బాబాయిగారు చెబుతున్నారుగా అంది. అతను దించాడు గానీ సణిగాడు. ఇంకెవడో వచ్చి ఆ రాతలు చూస్తే మళ్లీ ఇదే గొడవ కదా అన్నాడు. అతను మళ్లీ సమ్మెట ఎత్తకుండా ఉండాలంటే దారి ఒకటే ఉంది. అయితే తిప్పేద్దామండి, రాతల వైపు మట్టిలోకి పోతుంది అని ఆ దారి చూపించింది కీమేన్‌గారే.

ముందు మోటారు డీజిల్ ఒక గుడ్డకి అద్దుకుని తను వేసిన తెల్లగీతని తనే తుడిచారు. తర్వాత గునపాలు ఎక్కడ వెయ్యాలో చూపించి, ఆరుగుర్ని నిలబెట్టి, గ్యాంగు మేస్త్రీ లాగా పాట అందుకున్నారు. ఆయనకి అంత గొంతుందని నాకు తెలియదు. ఐలేసా అని ఆయన అంటే జోర్సే అని వాళ్లు. రాయి నెమ్మదిగా లేచింది, తిరిగింది, అక్షరాల వైపు గట్టులోకి పోయింది. సందుల్లో మట్టి తొక్కి బిగించే పని కూడా ఆయన దగ్గరుండి చేయించారు. మేం తెచ్చిన కాగితం చుట్ట కుర్చీ పక్కనే ఉంది, విప్పలేదు.

స్టేషన్‌కి వచ్చాం. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాక నాలో భయం తగ్గి, దాని జాగాలో కోపం వచ్చింది. నాకు తెలిసిన కోపం ఒకటే, టీచరు కోపం. నిలబెట్టి కడిగేశాను. ఇన్నేళ్లూ తెలీదండీ తెలీదండీ అని తిరిగి, ఇవాళ దేవుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పారు. నిజం చెప్పి నిలబడాల్సింది. అంత అరుదైన రాయిని మీ చేతులతో మీరే పూడ్చిపెట్టారు.

“పగిలిపోయేదండి మేడంగారు” అన్నారు.

“పగిలితే రాయి పగిలేది. మీరు మీరుగా ఉండేవారు.”

పెద్ద మాటే అన్నాను. అన్నాక, బాగా అన్నానని కూడా అనుకున్నాను. ఆయన పట్టాల వంక చూస్తూ “అవునండి” అన్నారు. బండి వచ్చింది, ఎక్కేశాను.

ఆ తర్వాత కూడా నడిచాం. తక్కువ నడిచాం, ఉత్తరం వైపే నడిచాం. రంగు డబ్బా మళ్లీ తేలేదు. ఆ చెరువు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అంతా సర్దుకుందనుకున్నాను. మనుషులు మాట్లాడకపోతే సర్దుకుందని అనుకోవడం నాకు అలవాటు. మొన్నీమధ్య ఒక పొద్దున నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయిందట.

ఆదరణ కూడిక వాళ్లింటి ముందు వీధిలో, షామియానా కింద పెట్టారు. పాటలయ్యాయి, పాస్టరుగారు వాక్యం చెప్పారు. పోయినవారి గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పొచ్చన్నారు. గ్యాంగులో పనిచేసినవాళ్లు చెప్పారు. అందరూ అయ్యాక ఆయన భార్య లేచింది. పొట్టి మనిషి, మైకు అందక ఎవరో వంచి పట్టుకున్నారు.

“నాకు ఒక్కటే దిగులండి. మూడేళ్ల నుంచి ఆయన బల్ల తీసుకోలేదు” అంది. నాది వేరే మతమైనా ఆ మాట అర్థం అయింది. బల్ల అంటే నెలకోసారి చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన. మనసులో పాపం పెట్టుకున్నవాళ్లు దాన్ని ముట్టుకోరు. పెళ్లైన దగ్గర్నుంచి ఒక్కనెల తప్పని మనిషి, మూడేళ్ల కిందట ఎండాకాలం ముందు నుంచి చివరి వరసలో తలొంచుకుని కూర్చునేవారట. ఎందుకయ్యా అని అడిగితే, నేను తగను అనేవారట. పాస్టరుగారు అడిగినా అదే మాటట. “ఏం తప్పు చేశారో నాతో చెప్పలేదండి. అది మోసుకునే వెళ్లిపోయారు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఎంత చెడ్డదైనా ఫర్వాలేదు, నాకు తెలియాలి.”

ఆవిడ నా వైపు చూసింది. ఆవిడతో పాటు షామియానా మొత్తం నా వైపు చూసింది. ఆయనతో ఊళ్లు పట్టుకు తిరిగిన మనిషిని నేనే కదా. ఎప్పుడు మొదలైందో ఆవిడ చెప్పగానే అది చెరువు గట్టు మీద ఒట్టేసిన నెలేనని నాకు తెలిసిపోయింది. చెబితే రాయి సంగతి బయటపడుతుంది, నాలుగో వరసలో సమ్మెట మరిదీ ఆ గట్టు మీది మనుషులూ కూర్చుని ఉన్నారు, ఆయన ఒట్టేసి కాపాడిన రాయి రేపటికి ముక్కలవుతుంది. అందుకే నోరు మెదపలేదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆడవాళ్ల వైపు నుంచి నాగమణి లేచింది.

మైకు దగ్గరికి రాలేదు. ఉన్నచోటే నిలబడి చెప్పింది. చెరువు గట్టు మీద జరిగిందంతా వరసగా, ఏదీ దాచకుండా చెప్పింది. మరిది సగం లేచి, వదినా అన్నాడు. ఆవిడ అటు చూడలేదు.

“అది పాతరాయని నాకు ఆ పూటే తెలుసండి. రైలు కింద వేసే రాయికి ఎవరైనా తామరపువ్వు చెక్కుతారా? అబద్ధం చెప్పడం కూడా రాదు ఆయనకి, ఒళ్లంతా చెమటలు. ఎవరో ఒకరు నమ్మకపోతే సమ్మెట దిగిపోయేది. నేను నమ్మానండి. అంతకంటే ఏం చెయ్యను? మీరు అబద్ధం చెప్పారని నాకు తెలుసు బాబాయిగారూ, ఫర్వాలేదూ అని వెళ్లి ఒక్క మాట చెప్పాల్సింది. అది నా మనసుకి తట్టలేదండి.”  రాయి అలాగే ఉందని, ఈ వేసవికి నీళ్లు తీశాక ఎవరొచ్చి అడిగినా చూపిస్తానని, అందరి ముందూ చెబుతున్నానని అంది. రెండెకరాలూ తీసి అక్కడ పెట్టేసినట్టే. ఆ మాట అక్కడున్న ప్రతివాళ్లకీ తెలుసు.

కీమేన్‌గారి భార్య ఆవిడ వంక తెల్లబోయి చూసింది.

“అంతేనా అమ్మా?” అంది.

“అంతేనండి” అంది నాగమణి.

అంతే కాదు. అది తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. ఆయన ఒట్టు రాయి కోసం వేశారు. బల్ల మాత్రం ప్లాట్‌ఫాం మీద నేనన్న మాట విన్నాక మానేశారు. లేచి చెప్పాలి, చెప్పి కీమేన్‌గారి భార్య కాళ్లు పట్టుకోవాలి అనుకున్నాను. కుర్చీ చేతుల మీద చేతులు కూడా ఆన్చాను. పాస్టరుగారు చివరి ప్రార్థనకి అందరూ నిలబడమన్నారు. అప్పుడు లేచాను, అందరితో పాటు.